నాకు జ్వరమొస్తే ఆగిన బొమ్మల కథ

నాలుగు రోజుల జ్వరం తగ్గి ఈ రోజు సూర్యాపేట బస్సెక్కితే, ఇద్దరు కాలేజీ పిల్లలు నన్ను చూసి పకపకా నవ్వి ఫోన్ చూపించారు. డిగ్రీ చదివే మా అన్న కూతురు స్వప్న ప్రతి ఆదివారం నెట్‌లో పెట్టే బొమ్మల కథలో, ఊరందరినీ ఆటపట్టించే బొజ్జాయన అచ్చం నేనే, ఆ కొంటె పనులన్నీ నేను చేసినవే! ఇంటికొచ్చి నిలదీశాను.

"నన్నడగకుండ నా బొజ్జ గీస్తవా?"

"బొజ్జ సంగతి తర్వాత సూద్దాం చిన్నాయినా. నువ్వు మంచాన పడ్డవని ఈ వారం కథే లేదు. సదివెటోళ్లు అడుగుతున్నరు. జర ఏదన్న సెయ్యరాదు, రేపే ఆదివారం!"

కోపం ఎటు పోయిందో తెలియదు. పక్కింటి మాస్టారి గడప ముందున్న రెండు జతల్లో ఎడమకాలి చెప్పులే మిగిల్చి వచ్చాను.

మీ ఇంటి పిల్లలు మిమ్మల్ని ఎట్లా గీస్తున్నారో ఎప్పుడైనా చూసుకున్నారా?