ఫైటరన్న దవడ పన్ను

ఫిల్మ్‌నగర్‌లో మా వీధి చివర ఉండే ఫైటరన్న ఎవర్ని చూసినా ఒక కన్ను మూసే చూసేవాడు. రెండూ తెరిస్తే మోసపోతామని ఆయన నమ్మకం. హీరోల పిడికిలి ఇంకా జానెడు దూరంలో ఉండగానే ఎగిరిపడి, యూసుఫ్‌గూడ దాకా వినిపించేలా అరవడం ఆయన ఉద్యోగం.

అలాంటి మనిషికి జన్మకో క్లోజప్ దక్కింది. మర్నాడే షూటింగ్. చెరుకు గడను పళ్ళతో చీల్చాలి. చూస్తే దవడ పన్ను పుచ్చిపోయి ఉంది. నేనే ఆయన్ని జూబ్లీహిల్స్‌లోని ఒక పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె మిషను పెట్టలేదు, సూది గుచ్చలేదు. ఏదో జెల్ రాసి, మెత్తబడిన పుచ్చును బుల్లి గరిటెలాంటి పరికరంతో గీకేసి, సిమెంటు నింపింది.

"అయిపోయిందండీ. గట్టిగా ఉన్న పన్ను జోలికి పోలేదు. గంటసేపు ఏమీ తినకండి."

ఫైటరన్న ఒక కన్ను మూశాడు.

"దెబ్బ తాకకుండనే పడుడు నా పని, డాక్టరమ్మా. నీది గూడ గట్లనే ఉన్నది. నొప్పే లేకపాయె, ఇగ వైద్యమేంది?"

ఆమె ఎక్కడ పారిపోతుందోనని గంటసేపు తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తర్వాత సంచిలోంచి తాటిచెట్టంత చెరుకు గడ లాగి, కసుక్కున కొరికాడు. "అబ్బా!" అంటూ చెంప పట్టుకుని కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. డాక్టరమ్మ ముఖం పాలిపోయింది.

ఆయన నేల మీదే పడుకుని తాపీగా చెరుకు నములుతూ, "ఫికర్ చెయ్యకమ్మా, పన్ను మంచిగున్నది. నీ పని నువ్వు చేసినవ్, నా పని నేను చేసిన," అన్నాడు.

ఈసారి ఒక కన్ను మూసి చూసింది డాక్టరమ్మ.