సుభద్ర గారి అట్ట గడియారం

వాన వెలిసిన తరువాత మా వంటింటి సన్‌షేడ్ నుంచి నీటి చుక్కలు కింద బోర్లించిన స్టీలు గిన్నె మీద పడుతుంటాయి. వాటికొక లయ ఉండదు. వస్తుందనుకున్నప్పుడు రాదు, మరచిపోయినప్పుడు టక్కున పడుతుంది. ఆ చప్పుడుకు నా పని ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. కూర కలుపుతున్న గరిటె గాలిలో నిలుస్తుంది. మనసు తన దగ్గరున్న వస్తువులను ఒక్కొక్కటిగా తడుముకుంటుంది. ఇది నాకు పుట్టుకతో వచ్చిన అలవాటు కాదు. తొంభైల చివరి సంవత్సరాలలో, అశోక్ నగర్‌లోని ఒక మేడగదిలో, సుభద్ర గారు నేర్పినది.

మా కుటుంబంలో డిగ్రీ చదివిన మొదటివాడిని నేను. పాలమూరు నుంచి వలస వచ్చి దోమలగూడలోని ఒక బస్తీలో ఉండేవాళ్ళం. నాన్న తాపీ మేస్త్రీ. నేను చేరిన చిన్న సంస్థ, ఆసుపత్రులలో సెలైన్‌ను చుక్క చుక్కగా ఎక్కించే యంత్రానికి కెర్నల్ తయారుచేస్తూ ఉండేది. యంత్రంలోని మిగిలిన ప్రోగ్రాములన్నింటికీ వేళ చెప్పి, వంతు ఇచ్చి నడిపించే మూల ప్రోగ్రామును కెర్నల్ అంటారు. అందులో టైమర్ భాగాన్ని నాకు అప్పగించారు. టైమర్ ఒక చిప్. దాని లోపల ఎవరి కోసమూ ఆగని లెక్క ఒకటి నడుస్తూ ఉంటుంది. దాన్ని చదివి, ఇప్పుడు వేళ ఎంతయిందో కెర్నల్‌కు చెప్పడమే నా కోడ్ పని. ఆ మాటను నమ్మి యంత్రం తరువాతి చుక్కను వదులుతుంది. ఆరు నెలల పరీక్షాకాలం ముగిస్తే ఉద్యోగం ఖాయమవుతుంది. ఆ కాగితం కోసం ఇంట్లో అందరూ ఎదురుచూస్తున్నారు.

సుభద్ర గారు అక్కడ రాసిన ప్రతి కోడ్‌నూ చదివి ఒప్పుకోవలసిన మనిషి. యాభై దాటిన వయసు, గంజిపెట్టిన నేతచీర, చెవి వెనుక పెన్సిలు. కోస్తా నుంచి వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడిన కుటుంబం వారిది. ఆమె కోడ్‌ను కంప్యూటర్ తెర మీద చదివేవారు కాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, ప్రింటరు విడిచిన మడతల కాగితాన్ని బల్ల పొడవునా పరిచి, రాసినవాడి చేతనే పైకి చదివించేవారు. ఒళ్ళో పెళ్ళిశుభలేఖల అట్టతో చేసిన గడియారం ఒకటి ఉండేది; దాని ముళ్ళను నడుమ ఒక చొక్కా గుండీ పట్టి ఉంచేది. "నేను చిప్‌ని. నువ్వు కెర్నల్‌వి. చదువు" అనేవారు. చదువుతూ ఉండగా, ఏ వరుస దగ్గరో చెప్పకుండా, పెన్సిలుతో తన టిఫిన్ డబ్బా మూత మీద టక్కున కొట్టేవారు. నడుస్తున్న పనిని మధ్యలో ఆపే అంతరాయం యంత్రంలో అలాగే వస్తుంది కదా, చెప్పి రాదు. ఆ చప్పుడుతో నేను ఆగి రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. నీ చేతిలో ఏముంది? ఇంకా చూడనిది ఏది?

మొదటి రోజు నాకు ఆ పద్ధతి అర్థం కాలేదు. "చేతిలో కాగితం ఉంది మేడమ్" అన్నాను.

"కాగితం సరే నాయనా. కెర్నల్‌కు చేతులుంటే వాటిలో ఏముంటుంది?"

"చేతులుండవు మేడమ్."

ఆమె నవ్వి డబ్బా మూత తీసి, "ఈ దోసకాయ పచ్చడికీ చేతులుండవు, వాసన నీ దాకా రాలేదా? ఊహించుకోవయ్యా" అన్నారు. ఆ గదిలోని ఆ మధ్యాహ్నాలు ఇప్పటికీ నాకు కలలోని వెలుతురులా కనిపిస్తాయి. పైన ఫ్యాను మెల్లగా తిరిగేది. వీధిలో పూలమ్మే మనిషి కేక దగ్గరకు వచ్చి, నారాయణగూడ వైపు వెళుతూ సన్నబడేది. కాగితపు మడతలు గాలికి ఊపిరి పీల్చినట్టు లేచి పడేవి. ఆమె వేలి కింద అట్ట ముల్లు కదులుతుంటే, నిజమైన కాలం బయట ఎక్కడో ఆగి మా కోసం చూస్తున్నట్టుండేది.

ఐదవ నెలలో ఒక మధ్యాహ్నం, నేను ఒక్కడినే పరీక్ష నడుపుతుండగా, తెర మీద వేళ ఉన్నట్టుండి ముందుకు దూకింది. మరుక్షణం వెనక్కి వచ్చింది. మళ్ళీ రెండు రోజులు అంతా సవ్యంగానే నడిచింది. యంత్రాన్ని అప్పగించడానికి వారం గడువుంది. నేను ఎవరికీ చెప్పలేదు. కొత్తగా చదివిన వేళ పాత వేళ కంటే తక్కువగా ఉంటే పాతదే చెప్పమని ఒక వరుస చేర్చాను. ఆ తరువాత తెర మీద వేళ వెనక్కి వెళ్ళలేదు. తప్పు పోయిందని నాకు నేను చెప్పుకున్నాను. కనబడకుండా చేశానని లోపల తెలుసు.

పైకి చదువుతూ నేను ఆ వరుస దగ్గరకు వచ్చినప్పుడు సుభద్ర గారి పెన్సిలు లేచి ఆగింది.

"ఇదెందుకు రాశావు?"

"జాగ్రత్త కోసం మేడమ్."

"కాలం వెనక్కి వెళ్ళదు కదా, యాదగిరీ. దేనికి జాగ్రత్త? వెళ్ళడం చూశావా?"

"లేదు మేడమ్."

ఆమె నా ముఖం వైపు చూడలేదు. కాగితాన్ని దాని మడతల మీదే మెల్లగా మూసి, "రేపు ఇక్కడి నుంచే చదువుదాం" అన్నారు. కోప్పడి ఉంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేదేమో.

మరునాడు ఉదయం ఆఫీసుకు వెళుతూ, చిక్కడపల్లి సందులో నాన్న పని చేస్తున్న ఇంటి దగ్గర ఆగాను. ఆయన నీళ్ళు నింపిన సన్నటి పైపును రెండు గోడలకు ఆనించి మట్టం చూస్తున్నారు.

"నౌకరికి పోవా? గడియారం నడిపేటోడివి, నీకే టైం తెల్వకపాయె" అన్నారు, పైపు మీంచి చూపు తిప్పకుండా.

"పోత నాయినా. ఒకపారి సూసినవ్ గద, గీత గియ్యవేంది?"

"జర ఆగు. నీళ్ళు ఊగుతున్నయ్. ఈ దిక్కు సూసి ఆ దిక్కుకు పొయ్యేలోపల ఈడ మారుతది. మల్లొచ్చి సూస్త. గదే ఉంటె గీత గీస్త."

"లేకపోతే?"

"మల్ల సూస్త. ఊగే నీళ్ళ మీద గీసి, సక్కగున్నదని అందరికి చెప్తె గోడ నిలవడతదా?"

ఆయన గోడ గురించే అన్నారు. నేను మాత్రం అశోక్ నగర్ దాకా ఆ మాటతోనే నడిచాను. ఉద్యోగం పోతే ఆయన ముందు ఎలా నిలబడాలో ఆలోచించాను. పోకుండా ఉంటే ఎలా నిలబడాలో కూడా ఆలోచించాను. మధ్యాహ్నం ఆమె కాగితం విప్పకముందే చెప్పేశాను: "నిన్న అబద్ధమాడాను మేడమ్. చూశాను. ఒక్కసారి."

సుభద్ర గారు తల ఊపి అట్ట గడియారం తీశారు. "అయితే వేళను ఎలా చదువుతున్నావో ఆ రెండు వరుసలు చదువు." ఆ చిప్‌లోని లెక్కను ఒకేసారి చదివే వీలు లేదు, రెండు సగాలుగా తెచ్చుకోవాలి. అట్ట గడియారంలో వాటిని నిమిషాల ముల్లు, గంటల ముల్లు అనుకునేవాళ్ళం. మొదటి వరుస చదివాను. టక్కుమంది.

"చేతిలో ఏముంది?"

"యాభై తొమ్మిది నిమిషాలు."

"ఇంకా చూడనిది?"

"గంట."

అప్పటిదాకా పది గంటల యాభై తొమ్మిది నిమిషాలు చూపిస్తున్న ముళ్ళను ఆమె వేలితో పదకొండుకు జరిపారు. "ఇప్పుడు గంట చూడు."

పదకొండు. నా చేతిలో పదకొండు గంటల యాభై తొమ్మిది నిమిషాలున్నాయి. ఎన్నడూ లేని వేళ అది. గంట ముందుకు దూకాను. ఆ తరువాత దాదాపు గంటసేపు నిజమైన వేళ ఎప్పుడు చదివినా దానికంటే తక్కువే. నేను చేర్చిన ఆ ఒక్క వరుస నిజాన్ని ప్రతిసారీ కాదని, పాత అబద్ధాన్నే పట్టుకుని కూర్చుంటుంది. ఎక్కడో ఒక మంచం పక్కన, వేళ కదలనందువల్ల, తరువాతి చుక్క పడదు. నేను తలెత్తలేకపోయాను.

"ఎలా దిద్దుతావు?" అని మాత్రం అడిగారు.

"గంట చూసి, నిమిషాలు చూసి, మళ్ళీ గంట చూస్తాను మేడమ్. రెండుసార్లూ ఒకటే అయితే నమ్ముతాను. కాకపోతే మళ్ళీ మొదటి నుంచి."

"ఎవరు చెప్పారు?"

"మా నాన్న" అన్నాను. ఆయన మేస్త్రీ అని ఆ ఆఫీసులో నేను చెప్పడం అదే మొదటిసారి.

యంత్రం అప్పగించడం పది రోజులు ఆలస్యమైంది. నా పరీక్షాకాలాన్ని మరో మూడు నెలలు పొడిగించారు. సుభద్ర గారు అడ్డుపడలేదు. అయితే సమీక్షల రిజిస్టరులో, తప్పు కనిపెట్టినవారు అన్న గడిలో తన పేరు రాసుకోలేదు. నా పేరు రాశారు. తప్పు చేసినవారు అనే గడి ఆ రిజిస్టరులో లేనే లేదు. ఆ గీతలు ఆమె చేత్తో గీసినవే. ఖాయం కాగితం చివరికి వచ్చినప్పుడు నాన్న దాన్ని ఒకసారి చూసి, చొక్కాకు చేతులు తుడుచుకుని మళ్ళీ చూశారు.

సుభద్ర గారు పోయిన సంగతి నాకు మూడు నెలలు ఆలస్యంగా తెలిసింది. ఆ మూడు నెలలూ, ఇప్పుడు నేను కోడ్ చదివించే పిల్లలకు, చిక్కడపల్లిలో ఆమె ఉన్నారనీ ఒకరోజు తీసుకెళతాననీ చెబుతూనే ఉన్నాను. ఒక సగం చూసి, రెండో సగం చూడకుండా చెప్పిన వేళ అది. తెలిసిన రోజున వాళ్ళను కూర్చోబెట్టి, నేను చెప్పింది తప్పని చెప్పాను.

గిన్నె మీద మరో చుక్క పడింది. నా చేతిలో గరిటె ఉంది. కూరలో ఉప్పు ఇంకా చూడలేదు.