మాలతి నిద్ర లేచేదాకా

తొంభై ఏడు ఎండాకాలంలో పుంగనూరులో ఎవరన్నా మాలతిని "ఏమ్మా, బాగుండావా?" అని పలకరించి ఉంటే, జవాబు చెప్పకుండా నిలబడుకోనే నిద్రపొయ్యేది. తొలికాన్పుకు కుప్పంలో పుట్టింటికి పొయ్యి, మూడు నెలల ఆడబిడ్డను ఎత్తుకోని అత్తగారింటికి వచ్చి వారమైంది. ఆ వారంలో ఒక్క పూటన్నా కంటినిండా నిద్రపోయిన పాపాన పోలేదు. బిడ్డది అట్లాంటిట్లాంటి ఏడుపు కాదు. పాలిచ్చే ముందర ఏడుపు, పాలిచ్చినాక ఏడుపు. కింద పండుకోబెడితే ఏడుపు, ఎత్తుకుంటే, ఎత్తుకున్నోళ్ళు నడవలేదని ఏడుపు. ఊయల ఆగితే ఏడ్చిందంటే సరే, ఊగుతాంటే యాల ఏడ్చేది?

సలహాలకేం కొదవ! వాము పొగ వెయ్యమని ఒకరు, వసకొమ్ము అరగదీసి నాకించమని ఒకరు, దిష్టి తియ్యమని ఇంకొకరు. పక్కింటి మునీరా గ్రైప్ వాటర్ సీసా తెచ్చిచ్చింది. చెప్పినోళ్ళంతా ఎవరిండ్లకు వాళ్ళు పొయ్యి హాయిగా పండుకున్నారు. మొగుడు సుదర్శన్ మంచోడే, కాదనను. కోడి కూయకముందే లేచి సోమల పక్క తోటల్లో టమాటా పెట్టెలు టెంపోకెత్తుకోని మదనపల్లె మార్కెట్టుకు పొయ్యేవాడు. తిరిగొచ్చి, పాపం, బిడ్డను ఒళ్ళో వేసుకునేవాడు. బిడ్డ నిద్రపొయ్యేది కాదు గానీ ఆయప్ప మాత్రం గురకపెట్టేవాడు.

ఒకరోజు మాలతి చారులో మిరియాలపొడి అనుకోని కాఫీపొడి వేసింది. ఇంకోరోజు బిడ్డ యాడుందా అని మంచం కింద కూడా వెదికింది. బిడ్డ ఆమె భుజం మీదే ఉండాది.

ఇన్ని అగచాట్లలో ఆమెకు సొంతమనేది ఒకటే ఉండాది, బిడ్డకు పెట్టాలనుకున్న పేరు. శ్రుతి. కుప్పంలో ఇంటర్ చదివేటప్పుడు ఆ పేరుగల పిల్ల ఒకామె క్లాసులో ఉండేది. నెమ్మదిగా మాట్లాడేది, ఎవరికీ జడుసుకునేది కాదు. ఆడబిడ్డ పుడితే ఇదే పేరని మాలతి ఏడో నెలలోనే అనుకునింది. వాంతులొచ్చినా, కాళ్ళు వాచినా, ఆ పేరు ఒకతూరి లోపల అనుకుంటే రోంత ఊపిరాడినట్టుండేది.

మామ మునిరత్నానికి ఇదంతా ఏం తెలుసు? ఆయనకు బజారులో చిల్లర అంగడి. ఆయనమ్మ మునిలక్ష్మమ్మ పోయిన ఏడాదే చనిపొయ్యింది. కొడుక్కు ఆడబిడ్డ పుట్టిందని తెలిసిన రోజే అంగడికి వచ్చినోళ్ళందరికీ కలకండ పంచి, "మాయమ్మే తిరిగొచ్చింది. పేరు మునిలక్ష్మి. ఇంగ దాంట్లో మాటే లేదు" అని చాటేసినాడు.

మాలతి మొగుని దగ్గర తన మనసులో మాట చెప్పింది.

"నాయన ముందర నేనెట్ల నోరు తెరిచేది? సూస్తాంలే" అన్నాడు సుదర్శన్. సూస్తాంలే అంటే ఏమర్థమో పెండ్లైన ఆడోళ్ళకు నేను చెప్పే పనిలేదు.

అత్తతో చెప్పుకుందామా అంటే, రాజమ్మ మాటల మనిషి కాదు. వంట చేసేది, బిడ్డకు నీళ్ళు పోసేది, మోకాళ్ళు పట్టుకోని మూల కూర్చునేది. అత్త పేరు కోడలు పలకరాదన్న కట్టుబాటును మనమంతా పాటించినోళ్ళమే గానీ, రాజమ్మ పాటించినట్టు ఎవరూ పాటించలేదు. ఆమె మునిలక్ష్మమ్మను "ఆయమ్మ" అనడమే గానీ పేరెత్తింది లేదు. ముసలామెకు జబ్బు చేసి ఆస్పత్రికి తీసకపోతే, పేరేమని నర్సమ్మ అడిగింది. రాజమ్మ మొదట కండ్లు మూసుకోని తపస్సు చేసే మునిలాగా కూర్చునింది. తర్వాత గోడమీది క్యాలెండర్లో లక్ష్మీదేవిని చూపించింది. నర్సమ్మ నవ్వలేక చచ్చింది.

అట్లాంటి మనిషి అని తెలిసీ, అమ్మ తిరిగొచ్చిందన్న సంబరంలో మునిరత్నం అసలు సంగతి మరిచిపొయ్యినాడు.

పేరు పెట్టే రోజు ఇంటినిండా చుట్టాలు. బిడ్డ కొత్త గౌనులో ఎర్రగా ఏడుస్తాంది. మాలతి పట్టుచీర కట్టుకోని, పీటమీద కూర్చోని, తూగుతా తూగుతా మొగుని మీద పడింది. సుదర్శన్ తట్టలో బియ్యం మీద ఉంగరంతో మునిలక్ష్మి అని రాసినాడు. రాసేటప్పుడు పెండ్లాం మొగం పక్క చూడలేదు. ఆమెకు కోపం రావాల. కోపానికి కూడా ఒంట్లో సత్తువ ఉండాల కదా! ఏమన్నా పెట్టుకోండి, నన్ను పండుకోనిస్తే చాలు అనుకునింది. అనుకున్నందుకు ఏడుపొచ్చింది.

బిడ్డ చెవిలో పేరు చెప్పేది మేనత్త. సుదర్శన్‌కు తోడబుట్టినోళ్ళు లేరు కాబట్టి ఆ పని నాయనమ్మ మీద పడింది.

"బిడ్డను ఒళ్ళోకి తీసుకోని, చెవిలో మూడుతూర్లు చెప్పమ్మా" అన్నాడు అయ్యోరు.

రాజమ్మ వంగింది. పెదవులు కదల్లేదు. అందరూ చూస్తాండారు.

"చెప్పవే" అన్నాడు మునిరత్నం.

"ఆయమ్మ పేరు నేనెట్ల చెప్పేది?"

అప్పుడు గానీ ఆయనకు వెలగలేదు. చుట్టాలు కిసుక్కుమన్నారు. "ఈ ఒక్కతూరికి దోషం లేదులే తల్లీ" అన్నాడు అయ్యోరు.

"ఒక్కతూరా? రేపట్నించి ఈ బిడ్డను నేనేమని పిలిచేది? ఏమని జోకొట్టేది?" రాజమ్మ కోడలి పక్క తిరిగింది. "ఏమ్మే, నువ్వేం పేరు అనుకుంటివి?"

బిడ్డ కడుపులో పడినప్పట్నించి ఆ మాట మాలతిని అడిగిన మొదటి మనిషి ఆమె. మాలతి గబుక్కున తలెత్తింది. నోరు తెరిచింది. పేరు రాలేదు. నాలుక చివర్లో కూడా లేదు. ఆ క్లాసులో పిల్ల మొగం కనబడతాంది, జడ కనబడతాంది, పేరు మాత్రం లేదు.

"మరిచిపొయ్యినానత్తా" అనింది, వెక్కివెక్కి ఏడుస్తా.

"సూసినారా, దానికే తెలీదు. కానీండి అయ్యోరూ, వర్జ్యం వస్తాంది" అన్నాడు మునిరత్నం.

రాజమ్మ బిడ్డను భుజానేసుకోని లేచి నిలబడింది.

"వస్తే రానీ. పెట్టాలనుకున్న పేరు గూడా మరిచిపొయ్యేంతగా అలిసిపొయ్యింది ఈ పిల్ల. నేనూ వారంగా సూస్తా గమ్మునుంటిని, నాదీ తప్పే. సుదర్శన్ పుట్టినప్పుడు నేనిట్లే ఉంటిని. రాగులు విసరతా విసరతా తిరగలిమీద తలకాయ వాల్చినా. మీయమ్మ చెంబుడు నీళ్ళు మొగాన కొట్టి లేపింది."

"ఇప్పుడు ఆ మాటలెందుకే?"

"ఎందుకా? మునిలక్ష్మమ్మ నన్ను ఒక్కరోజన్నా పండుకోనిచ్చిందా?"

రాజమ్మ చెయ్యి దానంతట అదే నోటికి అడ్డం పొయ్యింది. రోంతసేపటికి ఆ చెయ్యి తీసేసింది.

"నువ్వు పొయ్యి పండుకో మే. నువ్వు లేచి పేరు చెప్పేదాకా ఈడ ఏదీ జరగదు. పేరు లేకుండా బిడ్డ ఒక పూట బతుకుతాదిలే."

మాలతి పట్టుచీరతోనే పొయ్యి పడింది. చుట్టాలు భోజనాలు చేసి, ఇట్లాంటి నామకరణం యాడా చూడలేదని గొణుక్కుంటా కొందరు వెళ్ళిపొయ్యినారు. అయ్యోరు రెండుతూర్లు గడియారం చూసి, ఇంకో గ్లాసు పాయసం తాగినాడు. మునిరత్నం అలిగి అంగడికి పొయ్యి, ఆడ ఏం తోచక తిరిగొచ్చినాడు. బిడ్డ మాత్రం తన ఏడుపు తాను ఏడ్చింది. నాయనమ్మ ఎత్తుకుంటే నోరు మూసుకుంటాదా ఏంది!

పొద్దు వాలినాక మాలతి ఉలిక్కిపడి లేచింది. రవిక పాలతో తడిసిపొయ్యుండాది. బిడ్డ పక్కన లేదు. బయటికి పరుగెత్తింది. నడవలో రాజమ్మ, ముడి ఊడిపొయ్యి, కుంటుకుంటా తిరగతాంది. భుజం మీద బిడ్డ సన్నగా రాగం తీస్తాంది.

"గురుతొచ్చిందా?"

"శ్రుతి" అనింది మాలతి. నిద్రలోనుంచి ఆ పేరు తనతోనే లేచి వచ్చినట్టుండాది.

ఎవరూ చెప్పకుండానే సుదర్శన్ తట్ట దగ్గరికి పొయ్యి, బియ్యాన్ని అరచేత్తో చదును చేసి మళ్ళా రాసినాడు. రాజమ్మ బిడ్డ చెవిలో మూడుతూర్లు చెప్పింది, గట్టిగా, అందరికీ వినబడేట్టు. అయ్యోరు వెళ్ళిపొయ్యినాడు. మాలతి బిడ్డకు పాలిచ్చి, ఆ పక్కనే మళ్ళా ఒరిగింది. పాలు తాగిన బిడ్డ మామూలుగానే ఏడుపందుకునింది. రాజమ్మ మోకాళ్ళమీద చేతులు పెట్టుకోని లేవబొయ్యింది.

"నిజంగానే మొగాన నీళ్ళు కొట్టిందా మాయమ్మ?" అన్నాడు మునిరత్నం, మెల్లిగా.

"నువ్వు అప్పుడు ఆ గదిలోనే పండుకోనుంటివి."

ఆయన చేతులు రెండూ చాపినాడు. బిడ్డను ఎట్ల పట్టుకోవాలో ఆ చేతులకు తెలీదు.

"ఇట్లియ్యి బిడ్డను. నువ్వూ పండుకో పో."

రాజమ్మ మొగుని పక్క ఒకతూరి చూసి, బిడ్డ తల కింద ఆయన చెయ్యి సరిగ్గా పెట్టించి, కోడలి పక్కన పండుకునింది.