అక్క దాచుకున్న పొడి రోజు

మా ఎదురింటి అక్క పోయింది. పోయిన వారం, ఆఫీసులో, తన కుర్చీలోనే, భోజనం డబ్బా మూత తియ్యకముందే. గుండె ఆగిందన్నారు. కబురు తెలిసి ఇక్కడ బర్మాలో, మా పబేడాన్ పేటలో, మెట్ల మీద ఎదురైన వాళ్ళంతా నన్ను ఒకే మాట అడిగారు: "సముద్రంలోనా?" కాదండీ. అన్నేళ్ళు అడుక్కి దిగి వచ్చిన మనిషిని సముద్రం ఏమీ చెయ్యలేదు. చేసింది ఆ కుర్చీ. కోపంతో రాస్తున్నానంటారా, అనండి.

ఆమెను ఎరగనివాళ్ళ కోసం చెప్తాను. అక్క తాత విశాఖ వైపు నుంచి వచ్చి నది ఒడ్డున సేక్కాన్ రేవులో బస్తాలు మోశాడు. అదే రేవు దగ్గర, సరుకు రవాణా కంపెనీలో అక్క లెక్కలు చూసేది. బర్మా మనిషిని చేసుకుంది. ఆయన్ని మేమంతా కో అనే పిలుస్తాం, ఇక్కడి మాటలో అన్న అని. అక్కకున్న పిచ్చి ఒక్కటే. వీపుకి గాలి సిలిండరు కట్టుకుని సముద్రంలోకి దిగడం.

దానికి ధైర్యం ఎంత కావాలో నాకు తెలీదు గానీ, సెలవు మాత్రం చాలా కావాలి. కంపెనీ ఇచ్చేది పిసరంత. అందుకని తింజాన్ నీళ్ళ పండక్కి ఊరు మూతపడే రోజులకి తన సెలవుని అతికించేది. "ఊరంతా నీళ్ళు సల్లుకుంటాది, నేను నీళ్ళ కిందకి పోతాను" అని నవ్వేది. కొత్త కేలండరు రాగానే మా వరండాలో పరిచి కూర్చునేది. దక్షిణాన సముద్రం వైపు విమానం ఎప్పుడు, పడవ ఏ పూట, విమానం రద్దయితే వెనక్కి దారేది? ఈ దేశంలో విమానం ఉందో లేదో ఎయిర్‌పోర్టుకి వెళ్తే గానీ తేలని రోజులివి. కరెంటు పోతే సెల్‌ఫోను వెలుగులోనే వేలితో రోజులు జరుపుతూ ఉండేది.

ఎంత ఇరుకైనా ఆఖరి రోజుని మాత్రం ముట్టుకోనిచ్చేది కాదు. దానికి పొడి రోజని తనే పేరు పెట్టుకుంది. లోతుకి దిగినవాళ్ళ ఒంట్లో గాలి కరిగి ఉంటుందట. వెంటనే విమానం ఎక్కితే అది రక్తంలో బుడగలు కడుతుందట, ప్రాణం మీదకి వస్తుందట. అందుకని ఒక రోజంతా ఒడ్డున ఉండిపోవాలి.

"ఏటి సేస్తావక్కా ఆ రోజంతా?"

"ఏటీ సెయ్యనురా. నీకు సేతకాని పని అదే."

నేను ఊరుకునే రకం కాదు గదా. ఇది డబ్బున్నవాళ్ళ సరదా అని వాదనకి దిగాను. అక్క టీ కప్పు కింద పెట్టి, "మా తాత ఈ రేవులో సచ్చేదాకా మోసేడు. ఆయన్నెవరైనా మోసేరేటి? నన్ను కాసేపు మొయ్యనీ ఆ నీళ్ళని" అంది. ఎర్ర జెండా పట్టుకుని వీధి వీధీ తిరిగిన నేను లేచి ఆమె కప్పులో ఇంకాస్త టీ పోశాను.

ఒక ఏడాది పడవ మీద ఉండగా మేనేజరు ఫోను చేశాడు. ఒక రోజు ముందే వచ్చెయ్యమన్నాడు. తోటివాళ్ళు పొడి రోజు మానెయ్యమన్నారు. అక్క మానింది డైవు. ఏడాదంతా ఎదురుచూసిన చోట అందరూ నీళ్ళలోకి దూకుతుంటే, తనొక్కతీ పడవ మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. వచ్చాక నాతో అంది: "ఆళ్ళకి నా రోజిచ్చేను తమ్ముడూ. నా రగతం మాత్రం ఇవ్వను."

ఇండోనేషియా వైపు సముద్రంలో పెద్ద రెక్కల చేపలు తిరుగుతాయట. అవి చూడాలని అక్క కోరిక. రెండు విమానాలు మారాలి. పోవడానికీ రావడానికీ పొయ్యే రోజులూ పొడి రోజూ తీసేస్తే, సెలవులో నీళ్ళకి మిగిలేది ఏమీ లేదు. ఇంకాస్త సెలవివ్వమని ఏటేటా అడిగేది. వచ్చే ఏడు చూద్దామనేవాళ్ళు. ఏం చూశారు? ఏడాది పొడుగునా అమ్ముకున్న ఒంట్లోంచి నాలుగు రోజులు తిరిగి అడిగితే, అది దయాధర్మం ఎలా అవుతుంది? కంపెనీ పూలదండ పంపింది. అది పట్టుకొచ్చినాయన, టైమైపోతోందని చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోంచే వెళ్ళిపోయాడు.

అక్క కూతురు బ్యాంకాక్‌లో హోటల్లో పని చేస్తోంది. దానికీ సెలవు అంతంతమాత్రమే. ఇక్కడి ఆడవాళ్ళలా లుంగీ కట్టుకుని, సేక్కాన్ రేవు మెట్ల దగ్గర నడుం లోతు నీళ్ళలోకి దిగి తల్లి అస్థికలు వదిలింది. ఆ సాయంత్రానికే దాని విమానం. టాక్సీ కాచుకుని ఉంది. చేతిలో ఫోను మోగుతూనే ఉంది.

కో దాని సంచి పట్టుకుని నిలబడ్డాడు, టాక్సీలో పెట్టలేదు. వచ్చీరాని తెలుగులో, "అమ్మ చెప్పింది గదా. నీళ్ళు దిగితే, ఎగరకూడదు" అన్నాడు.

నడుం లోతు నది ఎవరి రక్తాన్నీ ఏమీ చెయ్యదు. ఆ సంగతి నాకు తెలుసు, కోకి తెలుసు, ఆ పిల్లకి ఇంకా బాగా తెలుసు. అలాంటప్పుడు నోరు మూసుకోవడం నాకు అలవాటు లేదు. మూసుకున్నాను.

పిల్ల ఫోనులో హోటలుకి కొట్టి పంపి నాకు చూపించింది: నీళ్ళలోంచి ఇప్పుడే వచ్చాను, ఇవాళా రేపూ ఎగరలేను, ఎల్లుండి వస్తాను.

"ఉద్యోగం పోతాదేమో అమ్మా" అన్నాను.

"పోతే పోనీ మావయ్యా." ఫోను ఆపేసింది.

మర్నాడు ఎదురు బాల్కనీలో తండ్రీ కూతురూ కూర్చున్నారు, ఏమీ చెయ్యకుండా. వాళ్ళ తలల మీద తీగకి పిల్ల లుంగీ వేలాడుతోంది. నడుం దాకా నది బురద గీత. గాలి లేదు. అంచున ఇంకా తడి మిగిలిన లుంగీ మెల్లిగా పొడిబారుతోంది.