ఆపావా, విడదీశావా?

తియెన్లై బాబాయి దృష్టిలో ఈ లోకంలో ఆగిపోయిన వస్తువంటూ ఏదీ లేదు. తన చేత్తో కరెంటు దారిని విడదీసే ఐసొలేటర్ పిడి లాగి, దానికి తాళం బిగించి, తాళంచెవి మెడలో వేసుకుంటే తప్ప ఏదీ ఆగినట్టు కాదు. మనమంతా ‘ఆగిపోయింది’ అనుకునేవి ఆయన దృష్టిలో ఊపిరి బిగబట్టి పొంచి ఉన్నవి.

ఆయన మా మేజోళ్ళ మిల్లులో కరెంటు పని చూసేవాడు. మా షెతౌ ఊళ్ళో అప్పట్లో రెండే పండేవి: జామకాయలు, మేజోళ్ళు. రెండు జామతోటల మధ్య ఒక మిల్లు, రెండు మిల్లుల మధ్య ఒక జామతోట. పొద్దున్నే సైకిలు మీద పనికి వెళుతుంటే ఒక పక్క నుంచి మగ్గిన జామ వాసన, ఇంకో పక్క నుంచి వేడి నూలు వాసన. ఇప్పుడు మా మిల్లు ఉన్న చోట కార్లు నిలుపుకుంటున్నారు. అటువైపు వెళ్ళినప్పుడల్లా నా చెవిలో ఒకటే గొంతు. “షూజెన్! ఆపావా, విడదీశావా?”

ఈ ప్రశ్న ఆయన నన్నొక్కదాన్నే అడిగాడనుకునేరు. గుడిలో దీపాల తోరణం సర్దుతున్న పూజారిని అడిగాడు. మంగలి చేతిలో కత్తిరింపు మిషను చూసి అడిగాడు. మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకుని మాట్లాడుకోవడం మానేశారని ఎవరో చెబితే, “ఊరికే ఆపారా, విడదీశారా?” అని సీరియస్‌గా అడిగాడు.

నేను పనిలో చేరిన మొదటి రోజు సంగతి. మేజోడు కొస కుట్టే యంత్రాలు నలభై, మేం నలభైమంది ఆడవాళ్ళం. నా యంత్రంలో దారం తెగి చిక్కుపడింది. ఎర్ర బటన్ నొక్కి లోపల చెయ్యి పెట్టబోయాను. వెనక గలగలమని తాళంచెవుల చప్పుడు. ఎద్దు పరిగెత్తుకొస్తోందనుకున్నాను. చూస్తే బక్కపల్చటి మనిషి.

“ఏం చేస్తున్నావమ్మాయ్?”

“దారం తీస్తున్నా బాబాయ్.”

“మరి యంత్రం?”

“ఆపేశా.”

“ఆపావా, విడదీశావా?”

“రెండూ ఒకటే కదా?”

చావు కబురు విన్నవాడిలా ఆయన పక్కనున్న పీట మీద కూలబడ్డాడు. కాసేపటికి తేరుకుని, నన్ను గోడ దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ ఒక ఇనప పెట్టె, దానికి ఎర్ర పిడి.

“విను. బటన్ నొక్కడమంటే మొగుడు నోరు మూసుకున్నట్టు. ఎంతసేపు మూసుకుంటాడో వాడికే తెలీదు. ఈ ఐసొలేటర్ లాగడమంటే మొగుడు రైలెక్కి ఊరెళ్ళినట్టు. తాళం వేయడమంటే, నువ్వు పిలిచేదాకా వాడికి తిరుగు టికెట్టు దొరకనట్టు.”

వెనక నుంచి ఎవరో అందుకున్నారు. “బాబాయ్, అలాంటి తాళం నాకొకటి ఇప్పించవా?”

“నాక్కూడా! మా ఆయనకి పెద్ద సైజు కావాలి!”

హాలంతా నవ్వులు. ఆయన నవ్వలేదు.

“తొందరపడి దీన్ని ముందే లాగావనుకో, నిప్పు లేచి నీ కనుబొమలు పట్టుకుపోతుంది. ఇది కరెంటుతో కుస్తీ పట్టే రకం కాదు, కరెంటు పడుకున్నాక తలుపు మూసే రకం. ముందు యంత్రాలు ఆపాలి. తర్వాత బ్రేకర్ దించాలి. ఆ తర్వాతే దీని జోలికి రావాలి.” అదే వరసలో అన్నీ చేసి, పిడి లాగి, పెట్టె తలుపు తీశాడు. “చూడు. ఆ రాగి కత్తులకీ వాటిని పట్టుకునే ఈ దవడలకీ మధ్య ఏముంది?”

“ఏమీ లేదు.”

“హమ్మయ్య! ఆ ‘ఏమీ లేదు’ కంటికి కనిపించాలి. ఎవరో చెప్తే నమ్మకూడదు. నేను చెప్పినా నమ్మకూడదు.”

అంతటితో అయిందా? తన టెస్టర్‌ని ముందు కరెంటు ఉన్న చోట పెట్టి, అది బతికుందో లేదో చూశాడు. తర్వాత నా యంత్రం దగ్గర పెట్టి కరెంటు లేదని చూశాడు. మళ్ళీ మొదటి చోటికి వెళ్ళి పెట్టాడు.

“మళ్ళీ ఎందుకు బాబాయ్?”

“మధ్యలో ఇది చచ్చిపోయిందనుకో? చచ్చినవాడి సాక్ష్యం నమ్ముతామా?”

జానెడు దారం తీయడానికి పావుగంట పట్టింది. మా మేస్త్రీ జిన్‌షుయి దూరం నుంచి చూస్తూ పళ్ళు నూరుకున్నాడు.

ఇంట్లో ఇంకా ఘోరం. ఆయన భార్య బీయున్ పిన్ని చెప్పేది: “మీ బాబాయి బల్బు మారుస్తానన్నాడంటే నేను ముందు ఫ్రిజ్‌లో చేపలన్నీ వండేసుకోవాలి.” ఇంటి మొత్తానికి కరెంటు విడదీసి, తాళం వేసి, తాపీగా నిచ్చెన వెతుక్కోవడం మొదలెట్టేవాడట. ఒకసారి బల్బు మార్చి, తాళం తీయడం మరిచి పనికొచ్చేశాడు. పిన్ని మిట్టమధ్యాహ్నం మిల్లు గేటు దగ్గర నిలబడి, “నా సంసారం తాళంచెవి ఇటివ్వండి!” అని అరిచింది. ఇచ్చాడనుకున్నారా? తాళం వేసినవాడే తీయాలి, ఇంకొకరి చేతికి చెవి ఇవ్వకూడదని, ఆవిణ్ణి సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తనే ఇంటికెళ్ళి తీసొచ్చాడు.

మా వీధిలో ఒక పెళ్ళి విందు. రోడ్డుకి అడ్డంగా డేరా వేసి బల్లలు పరిచారు. లారీ మీద పాటగత్తె మైకు పట్టుకుని గొంతెత్తి పాడుతోంది. డేరాలో ఫ్యాను తీగ దగ్గర చిటపటమని చిన్న నిప్పురవ్వ. అది తియెన్లై బాబాయి కంట పడింది. మరునిమిషంలో ఫ్యాన్లు లేవు, దీపాలు లేవు, పాటా లేదు. పిడికి తాళం వేలాడుతోంది.

పెళ్ళికొడుకు తండ్రి పరుగెత్తుకొచ్చాడు. “తియెన్లై! పెళ్ళయ్యా!”

“పెళ్ళి ఆగలేదు. పాట ఆగింది.”

“ఆ ఒక్క ఫ్యానూ ఆపితే పోయేదిగా!”

“ఆపడం వేరు…”

“తెలుసయ్యా, తెలుసు!”

తీగ బాగుచేయడానికి ముప్పావుగంట పట్టింది. మైకు లేకపోతే ఆ పాటగత్తెకి గొంతే లేదని అప్పుడు తేలింది. పెద్దవాళ్ళు మాత్రం హాయిగా మాట్లాడుకుంటూ తిన్నారు. చేప పులుసు రుచి తెలిసేలా తిన్న పెళ్ళి అదొక్కటేనని మా మామగారు చాలా ఏళ్ళు చెప్పుకున్నాడు.

ఇలా నవ్వుకుంటూనే ఉన్నాం కానీ, ఒకరోజు నవ్వు ఆగింది. మేజోళ్ళు ఆరబెట్టే పెద్ద పీపాలో తడి సరుకు ఇరుక్కుంది. జిన్‌షుయి మేస్త్రీ తనే నడుం దాకా లోపలికి దూరాడు. దూరేముందు బాబాయి ఆయన్ని పట్టుకుని, పీపా ఐసొలేటర్ లాగించి, తాళం వేయించి, చెవి ఆయన జేబులోనే పెట్టించాడు. “నీ చాదస్తం తగలెయ్యా!” అని తిడుతూనే మేస్త్రీ దూరాడు. ఆ సంగతి తెలియని ఒక ముసలావిడ అటుగా వచ్చి, పీపా ఊరికే ఉందేమిటని పచ్చ బటన్ నొక్కింది.

ఏమీ జరగలేదు. మళ్ళీ నొక్కింది. ఏమీ జరగలేదు. “ఈ బటన్ పాడైంది!” అని ఆవిడ అరిచింది. పీపాలోంచి మేస్త్రీ బయటికొచ్చేసరికి మొహం ఉడకబెట్టిన ముల్లంగిలా ఉంది. ఆ వారం నుంచి ఆయన నడుముకి కూడా పేరు రాసిన తాళం ఒకటి వేలాడింది.

అలాగని మేస్త్రీ మారిపోయాడనుకోకండి. ప్రాణం దారి ప్రాణానిదే, పని దారి పనిదే. పని వేళలో ఎవరూ గేటు దాటకూడదన్నది ఆయన చట్టం.

ఆ చట్టమే నా ప్రాణం మీదికొచ్చింది. నాకు ఆడపిల్ల పుట్టింది. బాలింత నెల ముగియగానే పనిలో చేరాను. చేరకపోతే యంత్రం ఇంకొకరికి ఇచ్చేస్తారు. పిల్ల మా అత్తగారి దగ్గర, జామతోట అవతలి ఇంట్లో. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, పిల్లని ఎత్తుకుని మిల్లుకి రావడం ఆవిడ వల్ల కాదు. పిల్లేమో సీసా పాలు నోట పెట్టదు. మధ్యాహ్నం మూడున్నర అయ్యేసరికి గాలి ఇటు వీస్తే ఏడుపు వినిపించేది. వినిపించకపోయినా వినిపించినట్టే ఉండేది. రవిక తడిసిపోయేది. తల వంచుకుని మేజోళ్ళు కుట్టేదాన్ని.

ఇంటికెళ్ళి పాలిచ్చి వస్తానని మేస్త్రీని అడిగాను.

“నిన్ను పంపితే రేపు నలుగురు అడుగుతారమ్మా,” అన్నాడు.

అలా వారం గడిచింది. ఎనిమిదోరోజు సరిగ్గా మూడున్నరకి తియెన్లై బాబాయి గంట పట్టుకుని మా హాల్లోకి వచ్చాడు. “అందరూ యంత్రాలు ఆపండి! తనిఖీ!”

“దేనికి?” అన్నాడు మేస్త్రీ.

“ఐసొలేటర్ కత్తులు వేడెక్కుతున్నాయి. చల్లార్చి చూడాలి. ఇరవై నిమిషాలు. ఎవరూ లోపల ఉండకూడదు.”

పీపా సంగతి తర్వాత మేస్త్రీకి ఎదురుచెప్పే ధైర్యం లేదు. మేమంతా బయట పడ్డాం. మిగతావాళ్ళు జామచెట్ల నీడన కూర్చుని కళ్ళు కడుక్కున్నారు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని తోటకి అడ్డంపడి పరుగెత్తాను. దేవుడే కరెంటు తీశాడనుకున్నాను.

మర్నాడు కూడా తీశాడు. ఆ తర్వాత రోజూ. నాలుగు నెలలు. “ఎంత పాత కత్తులో!” అనుకున్నానే తప్ప, ఇంకో ఆలోచనే రాలేదు నాకు.

చివరికి మేస్త్రీ వెళ్ళి యజమాని వాన్‌ఫు గారికి చెప్పాడు. రోజూ నలభై యంత్రాలు ఇరవై నిమిషాలు ఖాళీ! యజమాని తైచుంగ్ పట్నం నుంచి ఒక ఇంజనీర్ని పిలిపించాడు. ఆయన వచ్చి పెట్టె తెరిచి, అటు చూసి, ఇటు చూసి, వేలితో తడిమి, కళ్ళజోడు తీశాడు. మేమంతా చుట్టూ మూగాం. యజమాని భార్య కూడా సరుకు కట్టే గదిలోంచి వచ్చి నిలబడింది.

“కొత్తదానిలా ఉంది. అద్దంలా తుడిచి పెట్టారు. ఏడాదికొకసారి చూస్తే చాలు. మూడు నిమిషాల పని,” అన్నాడు ఇంజనీర్.

అందరూ బాబాయి వైపు తిరిగారు. ఆయన తాళంచెవుల గుత్తి వైపు చూసుకుంటున్నాడు.

“మూడు నిమిషాల పనికి ఇరవై నిమిషాలా?” అన్నాడు యజమాని. “తియెన్లై, పదిహేనేళ్ళుగా నిన్ను నమ్మాను. నాలుగు నెలల నుంచి ఏం చూస్తున్నావ్ ఈ పెట్టెలో?”

“అబద్ధం చెప్పాడు!” అన్నాడు మేస్త్రీ. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ ఉంది ఆ గొంతులో. కరెంటు విషయంలో తియెన్లై అబద్ధమాడడం అంటే కోడి గుడ్డు పెట్టడం మరిచి ఈత కొట్టినట్టు.

బాబాయి నోరు విప్పలేదు. విప్పితే నా పేరు చెప్పాలి. చెబితే నన్ను పనిలోంచి తీసేస్తారు. చెప్పకపోతే ఆయన్ని తీసేస్తారు. ఇదంతా నాకు ఎప్పుడు తట్టిందంటే, ఆ క్షణంలో హాలు గడియారం మూడున్నర చూపించి, నా రవిక తడిసినప్పుడు.

“అయ్యా,” అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ అన్నాను. “అయ్యా, ఆ ఇరవై నిమిషాలూ నావి. నేను ఇంటికెళ్ళి పిల్లకి పాలిచ్చి వస్తున్నాను.”

యజమాని భార్య నా రవిక వైపు ఒకసారి చూసి, ఇంజనీర్ వైపు తిరిగింది.

“ఏడాదికొకసారి చాలంటున్నారు. రోజూ లాగితే చెడిపోతుందా?”

“చెడిపోదండీ. కొంచెం అరుగుతుంది.”

“మనుషులూ అరుగుతారు,” అందావిడ. తర్వాత మొగుడితో నెమ్మదిగా అంది: “మన పెద్దాడు పుట్టినప్పుడు ఈ హాల్లోనే, ఆ మూల యంత్రం దగ్గర కూర్చుని నేను ఏడ్చేదాన్ని. మీకు గుర్తులేదు. నాకుంది.”

యజమాని గొంతు సవరించుకున్నాడు. నేల వైపు చూశాడు. పైకప్పు వైపు చూశాడు.

“కత్తుల వేడి… అది ముఖ్యమైన విషయమే,” అన్నాడు.

ఇంజనీర్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, పెట్టెలోకి ఇంకోసారి చూసి, “ఇప్పుడు చూస్తే కాస్త వేడిగానే ఉందండీ,” అన్నాడు.

ఆ రోజు గంట కొట్టింది జిన్‌షుయి మేస్త్రీ. కొట్టి, నావైపు చూడకుండానే, “నిలబడ్డావేంటి? కత్తులు చల్లారిపోతున్నాయ్!” అని కసిరాడు.

తిరిగొచ్చేసరికి బాబాయి పెట్టె పక్కన పీట మీద కూర్చుని జామకాయ తింటున్నాడు. నాకు ఏడుపొకటే తక్కువ.

“బాబాయ్, నాకోసం అబద్ధమాడావా?”

“నీకోసం అని ఎవరన్నారు? పెట్టెలో దుమ్ము పడుతోంది.”

“సరే. మరి ఇరవై నిమిషాలే ఎందుకు? పావుగంట కాకుండా, అరగంట కాకుండా?”

దొరికిపోయాడు. జామకాయ నమిలినంతసేపూ నమిలాడు.

“మీ ఇంటిదాకా నడిచి చూశాను. బాలింతవి కదా అని మెల్లగా నడిచాను. వెళ్ళడానికి నాలుగు నిమిషాలు, రావడానికి నాలుగు. పిల్ల ఎంతసేపు తాగుతుందో నాకేం తెలుసు? మీ పిన్నిని అడిగాను. మాకు పిల్లల్లేరు కదా, ఆవిడకీ తెలీదు. బజార్లో ఐదుగురు పిల్లల తల్లి ఒకావిడ ఉంటే ఆవిణ్ణి అడిగొచ్చింది. మగపిల్లాడైతే పదిహేను నిమిషాలు, ఆడపిల్లయితే పన్నెండు అందట. నీకు ఆడపిల్ల కదా. పన్నెండు వేశాను.”

నాకు ఏడుపు పోయి నవ్వొచ్చింది. “మా పిల్ల ఏ మగపిల్లాడికీ తీసిపోదు బాబాయ్. పదిహేను తాగుతుంది. ఆ మూడు నిమిషాలూ నేను పరుగెత్తి సంపాదించుకుంటున్నా.”

మర్నాటి నుంచి తనిఖీ ఇరవై మూడు నిమిషాలైంది. ఎందుకని మేస్త్రీ అడిగితే, బాబాయి ఆకాశం వైపు చూపించి అన్నాడు:

“ఎండలు ముదిరాయి కదయ్యా. చల్లారడానికి టైము పడుతోంది.”