ఉప్పుంది తాతా

నా చిన్నప్పటి ఆ ఉదయం మా వసారాలో ఎవరెవరు ఉన్నారో, ఏమేమి ఉన్నాయో ఇప్పటికీ వరసగా చెప్పగలను. నవారు మంచం మీద మా తాతయ్య. ఆయన కాళ్ల దగ్గర అవ్వ. గడప మీద బడి సంచితో నేను. స్టూలు మీద రాగిజావ గ్లాసు, సగానికి పైగా అలాగే మిగిలి, పైన పొర కట్టి ఉంది. మూలన చుట్టి పెట్టిన వల, దాన్ని ఎవరూ ముట్టుకోక చాలా నెలలైంది. అప్పుడు పక్కింటి అక్క గరిట పట్టుకుని లోపలికి వచ్చింది. గరిటలో చేపల పులుసు.

మాది తోటపల్లి గూడూరుకు అవతల, అలల చప్పుడు వినిపించేంత దూరంలో ఉన్న పల్లె. తాతయ్య సముద్రం మీద చేపల వేటకు వెళ్లే మనిషి. పడవలో చుట్ట తడిసిపోతుందని దవడన పొగాకు పెట్టుకునేవాడు. ఆ దవడలోనే పుండు లేచి, కాన్సర్ అని తేలింది. చెన్నైలో ఆపరేషన్ చేసి ఎడమ దవడ లోపలి భాగం, దాన్ని ఆనుకున్న నాలుక అంచు తీసేశారు. తర్వాత కరెంటు పెట్టారు. రేడియేషన్‌ను మా వైపు అలాగే అంటారు. పుండ్లు మానాయి, ముక్కులోంచి వేసిన గొట్టం తీసేశారు. రుచి మాత్రం ఆయనతో ఇంటికి రాలేదు. ఏం పెట్టినా తడి ఇసుకలా ఉందని పక్కకు నెట్టేవాడు.

డాక్టరు చెప్పినది స్పష్టంగానే ఉంది. రుచి మెల్లగా వస్తుంది, వచ్చేదాకా ఆగకుండా తినాలి, కారం లేని మెత్తటి తిండి ఏదైనా పెట్టవచ్చు, మళ్లీ వచ్చేసరికి బరువు ఇంకా తగ్గితే గొట్టం వేయక తప్పదు. తాతయ్య చెప్పినదీ అంతే స్పష్టంగా ఉంది. "ఆ గొట్టం ఇంక ఏయించుకోను. ఇంట్లోనే పోతా." ఈ రెండు మాటల మధ్య మా ఇల్లు బిగుసుకుపోయి ఉండేది.

మా పల్లెలో ఏ ఇంట్లో పదిమందికి వంట జరిగినా, పులుసు దించే ముందు ఒక గరిట తాతయ్య దగ్గరికి వచ్చేది. ఆయన ఎడమ అరచేతిలో ఒక చుక్క వేసుకుని చప్పరించి, కళ్లు మూసుకుని ఒక్క మాట అనేవాడు. "పులుపు." లేదా, "మెంతులు." దానికి ఎదురు చెప్పినవాళ్లు లేరు. ఆపరేషన్ తర్వాత ఆ గరిట రావడం ఆగిపోయింది. ఎవరూ చెడ్డ మనసుతో ఆపలేదు. తినలేని మనిషికి వాసన చూపించడం పాపం అనుకున్నారు. మా ఇంట్లో పులుసు కాయడమే మానేశారు. అమ్మ మా పిన్ని వాళ్లింట్లో చేపలు వండి, నాకు అక్కడే పెట్టి, సబ్బుతో చేతులు కడిగించి తీసుకొచ్చేది.

అందుకే గరిట చూడగానే అవ్వ ముఖం ముడుచుకుంది. "ఏందే ఇది? ఆయన తినలేడని తెలవదా నీకు?"

"తినమని ఎవురన్నారవ్వా? ఆదివారం మా ఆడబిడ్డ అత్తగారోళ్లు వస్తా ఉండారని ముందుగా ఒకసారి కాచి చూసినా. కారం తర్వాత కలుపుకుంటాలే, ముందు దీంట్లో ఏందో తగ్గింది, నాకు అంతు పట్టలా. తాతని చూసి చెప్పమందామని వచ్చినా."

తాతయ్య గోడవైపు తిరిగాడు. మాట ముద్దగా వచ్చింది. "నాకేం తెలస్తది? నాలిక కోసేసినారు గదా."

"కోసింది నాలిక అంచు. ముక్కు కొయ్యలేదు గదా తాతా."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాతయ్య మెడ మెల్లగా ఇటు తిరిగింది. గరిట ముక్కు దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు ఉంచుకున్నాడు.

"మామిడికాయ ఏసినావా?"

"లేదు తాతా."

"మామిడికాయ లేకుండా చందువా పులుసు కాస్తావా? మీ ఆయన పోర్టు క్యాంటీన్లో ఎందుకు తింటాడో ఇప్పుడు తెలిసింది."

చెన్నై నుంచి వచ్చాక ఆ గొంతులో వెటకారం వినడం అదే మొదలు. అక్క ఆ మామిడికాయ మరిచిపోలేదని, కావాలనే వేయలేదని నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు.

మర్నాడు ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి మామిడికాయ వేసి, మిరపపొడి తగలనివ్వకుండా కాచి, చల్లార్చి గిన్నెతోనే తెచ్చింది. తాతయ్య అరచెయ్యి చాపాడు. చుక్క చప్పరించి కళ్లు మూసుకున్నాడు.

"ఉప్పు లేదు."

అవ్వ తనూ ఒక చుక్క నాకి చూసింది. ఉప్పు సరిపోయిందని ఆమె ముఖమే చెప్పింది. అయినా, "అవును, తక్కువే" అంటూ వంటింట్లోంచి ఉప్పు డబ్బా తెచ్చి మూత తీయబోయింది. అక్క ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉప్పుంది తాతా. నీకు తెలీటంలా."

కోపంతో గిన్నె నెట్టేస్తాడనుకున్నాను. ఆయన తన అరచేతి వంకే చూస్తూ ఉండిపోయాడు. అంతవరకూ మేమంతా ఆయన ఏది చెబితే దానికి తల ఊపుతూ వచ్చాం.

"సరిగ్గానే ఉండాదా?"

"సరిగ్గానే ఉండాది. నీ కోసం నేను ఇంకాస్త ఏసినా అనుకో, రేపు నీకు రుచి తిరిగొచ్చినా ఎట్టా తెలస్తది? ఇంకోసారి చూడు."

తాతయ్య ఇంకో చుక్క వేసుకున్నాడు. ఈసారి తల కుడివైపు వంచి, కత్తి తగలని పక్కకు దాన్ని జారనిచ్చాడు. కనుబొమలు పైకి లేచాయి.

"పులుపు తెలస్తా ఉంది. ఈ పక్కన."

"అయితే ఈ పక్కనే తిను. ఆ పక్కది తర్వాత చూసుకుందాం."

అవ్వ మెత్తగా మెదిపిన అన్నంలో పులుసు కలిపింది. నోరు రెండు వేళ్లంత కూడా తెరుచుకోదు గనుక ముద్ద పెట్టడం కుదరలేదు, చెంచాతోనే. ప్రతి చెంచాకీ ఆయన తల వంచాడు, ప్రతి చెంచాకీ అక్క వంటలో ఒక తప్పు పట్టాడు. ఆమె అన్నిటికీ "సరే తాతా" అంది. ఆ వారమే వేరే ఇళ్లనుంచి కూడా గరిటలు రావడం మొదలైంది. పులుపు తర్వాత తీపి వచ్చింది. ఉప్పు అన్నిటికన్నా ఆలస్యంగా, వేసవి దాటాక వచ్చింది. గొట్టం మళ్లీ వేయాల్సిన పని పడలేదు.

ఇప్పుడు నేను కృష్ణపట్నం దగ్గర ఒక ప్లాంటులో మీటర్లు సరిచూసే పని చేస్తున్నాను. నీటి మట్టం చూపే మీటరు తప్పు చూపిస్తే సరిచేయాల్సింది మీటరునే, ట్యాంకులోని నీళ్లను కాదు. ఈ మాట కాలేజీలో చాలా పెద్ద పదాలతో నేర్పారు. నాకు మాత్రం ఉప్పు డబ్బా మీది చేతిని ఆపిన అక్క చెయ్యే గుర్తొస్తుంది. జబ్బుపడిన మనిషిని చూడటానికి వెళ్లినప్పుడు ఆయన దగ్గర అబద్ధం చెప్పను, ఆయనకు తెలిసిన పని ఒకటి ఆయన్ను అడుగుతాను.

అక్క గిన్నెతో వచ్చిన ఆ రోజు గడప మీద కూర్చుని లెక్కపెట్టాను. తాతయ్య తిన్నది పదకొండు చెంచాలు.