తల్లి ఒళ్లో తన శవం

తొంభైల్లో ఒకరోజు ధర్మవరం స్టేషన్లో అవ్వా నేనూ హిందూపురం రైలు కోసం కూర్చున్నాం. పక్కనున్న విదేశీయుడు మెక్సికోలో చిత్రకారుడట. తను వేసిన బొమ్మ ఫొటో చూపించాడు. చనిపోయిన ఏసును మరియమ్మ ఒళ్లో పెట్టుకున్నట్టు పాత చర్చిల్లో గీసే పద్ధతే. కానీ ఆ తల్లి కూరగాయల సంతలో కూర్చుంది. ఒళ్లో నీలం పెదవులతో ఉన్న శవం ఈయనే!

అవ్వ కెవ్వుమని, ఆయన ముక్కు కింద వేలుపెట్టి ఊపిరి చూసింది.

"ఆమె మా అమ్మే. బొమ్మ చూసినప్పటినుంచీ నాతో మాట్లాడటం లేదు," అన్నాడాయన ఇంగ్లీషులో. అవ్వకు తెలుగులో చెప్పాను.

"బతికుండే బిడ్డను సంపి ఒళ్లో పెడితే ఏ తల్లి మాట్లాడుతాది నాయనా? పో, పోయి ఆమె కండ్లకు కనపడు."

ఆయనకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. అయినా నేను ఇంగ్లీషులో చెప్పేలోపే అవ్వ చేతిని తన చెంపకు ఆనించుకున్నాడు. మా రైలు వచ్చేదాకా వదల్లేదు.